‘సీరియస్ కాదు’ అనుకున్న సంబంధంలో బెంగ పెట్టుకుంటే, లోపం నాలో ఉన్నట్టా?

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్పుకుంటాను. మీకు 27 ఏళ్లు. భీమవరం దగ్గర ఆక్వా ల్యాబ్‌లో పని. ఆమెది రాజమండ్రిలో ఉద్యోగం. పరిచయమై పద్నాలుగు నెలలు. మొదటి నెలలోనే ఇద్దరూ కూర్చుని "ఇది సీరియస్ కాదు, పెళ్లి మాట రాకూడదు, ఎవరికి వద్దనిపిస్తే వాళ్లు ఆపేయొచ్చు" అనుకున్నారు. ఇప్పుడు ఇంట్లోవాళ్లు చూసిన సంబంధం ఆమెకి కుదిరింది. ఆ మాట మర్యాదగానే చెప్పింది, వాట్సాప్‌లో శుభలేఖ కూడా పంపింది. మీకేమో నెల రోజులుగా తిండీ నిద్రా లేవు. రూమ్మేట్లు నవ్వుతున్నారు, "మగాడివి, నీకేం పోయింది" అంటున్నారు. మీరు అడిగినవి మూడు. లోపం నాలో ఉందా? ఆమె నన్ను వాడుకుందా? ఆ పెళ్లికి వెళ్లాలా?

సూటిగా చెబుతాను. మీలో లోపం లేదు. ఆమె మోసమూ చెయ్యలేదు. షరతు నోటితో పెట్టుకున్నారు, బెంగ అలవాటుతో వచ్చింది. పెళ్లి సంగతి చివర్లో చెబుతాను, అది చిన్న విషయం.

నేను ఇరవై రెండేళ్లుగా ఈ జిల్లాల్లో కౌన్సెలింగ్ చేస్తున్నాను. మొదట్లో ఒక కుటుంబ సలహా కేంద్రంలో, ఇప్పుడు రాజమండ్రిలో సొంతంగా. కింద చెప్పే మనుషుల ఊళ్లు, వివరాలు మార్చాను. వాళ్లు అన్న మాటలు మార్చలేదు.

ముందు మాటల దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే సగం తికమక అక్కడే ఉంది. మన భాషలో "సంబంధం చూస్తున్నారు" అంటే పెళ్లి. "సంబంధం పెట్టుకున్నారు" అంటే గుసగుస. మధ్యలో ఉన్నదానికి మాట లేదు. అందుకే ఇప్పటి పిల్లలు సిట్యుయేషన్‌షిప్ అని ఒక ఇంగ్లీషు మాట తెచ్చుకున్నారు. అది పరవాలేదు గానీ, మధ్యలో ఉన్నది పోయినప్పుడు ఏడవడానికి కూడా మాట లేకుండా పోయింది. పెళ్లి చెడితే చుట్టాలొస్తారు. ప్రేమ చెడితే స్నేహితులొస్తారు. మీది చెడితే "అది అసలు ఉంటే కదా చెడటానికి" అన్నారట మీ రూమ్మేటు. మీ ఉత్తరం మొత్తంలో నన్ను పట్టుకున్న వాక్యం అది.

కట్టుబాటు లేని సంబంధాలు ఈ తరమే కనిపెట్టిందని పెద్దవాళ్లు అంటుంటే నాకు నవ్వొస్తుంది. గోదావరి జిల్లాల్లో చిన్నిల్లు అనే మాట ఎవరికి తెలియదు? "ఉంచుకున్నాడు" అనే క్రియ చూడండి, కర్త ఎప్పుడూ మగాడే. 2010లో సహజీవనం మీద ఇచ్చిన ఒక తీర్పులో సుప్రీంకోర్టు కూడా ‘కీప్’ అనే మాట వాడింది. అది ఆడవాళ్లని కించపరిచే మాట అని అప్పటి అదనపు సొలిసిటర్ జనరల్ ఇందిరా జైసింగ్ ఆ కోర్టులోనే అభ్యంతరం చెప్పారు. అంటే ఇది పాత వ్యవహారమే. ఏ వైపు వాళ్లకి అనుమతి ఉండేది, ఎవరు నోరు మూసుకునేవారు అన్నది మాత్రం మారింది.

నా మొదటి రోజుల్లో ఒకావిడ వచ్చింది, రావులపాలెం వైపు నుంచి. అరవై దాటిన మనిషి. కొబ్బరి తోటలున్న ఒక రైతు ఆవిడ ఇంటికి ముప్ఫై ఒక్క ఏళ్లు వచ్చాడు. రోజూ సాయంత్రం ఆరింటికి వచ్చి, కాఫీ తాగి, తొమ్మిదింటికి వెళ్లిపోయేవాడు. ఆయన చనిపోయాడు. ఆస్తి తగాదా కాబోలని కాగితాలు తెమ్మన్నాను. ఆవిడకి కాగితాలు అక్కర్లేదు. రేవులో కర్మ చేసేటప్పుడు దూరంగా నిలబడటానికి పెద్దింటివాళ్లని ఒప్పించమంది. "సాయంత్రం అయ్యేసరికి ఇప్పటికీ రెండు గ్లాసులు కడుగుతున్నానమ్మా" అంది. నేను వెళ్లి అడిగాను. పెద్దావిడ సరేనంది, కొడుకులు కాదన్నారు. ఈవిడ పక్క రేవు నుంచి చూసి ఆటోలో వెళ్లిపోయింది.

ఆవిడ బాధకీ మీ బాధకీ రంగు ఒకటే. లోకం లెక్కలో పేరు లేని బంధం, పోయాక ఏడవడానికి చోటు లేదు. ఆవిడ ఏడిస్తే తప్పు అన్నారు, మీరు ఏడిస్తే నవ్వుతున్నారు.

మరి ఈ మధ్య మారిందేమిటి? నా గదిలోకి వచ్చే మనుషుల్ని బట్టి చెబుతాను. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక మా దగ్గర కేసుల తీరే మారింది. అంతకు ముందు ఇద్దరు మనుషులు కలవాలంటే చోటు కావాలి, సాకు కావాలి, నమ్మకస్తుడు ఒకడు కావాలి. ఇప్పుడు దుప్పట్లో ఫోన్ చాలు. ఆడపిల్లలు చదువుకుని హాస్టళ్లకీ ఉద్యోగాలకీ వెళ్తున్నారు, పెళ్లి ముప్ఫై దాకా వాయిదా పడుతోంది. ఆకలి వేసే వయసుకీ విస్తరి వేసే వయసుకీ మధ్య పదేళ్ల ఖాళీ వచ్చింది. ఆ ఖాళీలో మనుషులు ఒంటరిగా కూర్చోరు కదా.

చట్టం కూడా కదిలింది. ఇష్టపడ్డ ఇద్దరు పెద్దవాళ్లు పెళ్లి కాకుండా కలిసి ఉండటం నేరం కాదని 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది. వివాహేతర సంబంధాన్ని నేరంగా చూసే 497 సెక్షన్‌ని 2018 సెప్టెంబరులో కొట్టేసింది. అయితే చట్టానికీ ఇంటి గడపకీ దూరం ఎంతో రాజమండ్రి వాళ్లకి చెప్పనక్కర్లేదు. వితంతు వివాహ చట్టం 1856లో వచ్చింది. వీరేశలింగం గారు ఈ ఊళ్లో మొదటి వితంతు వివాహం చేయించింది 1881 డిసెంబరు 11న. మధ్యలో పాతికేళ్లు. అదీ ఎంత గొడవ మధ్య! అందుకని మీ ఫోన్‌లో మనుషులు మాట్లాడే తీరు చూసి సమాజం అంతా మారిపోయిందనుకోకండి. ఆమె మీతో స్వేచ్ఛగా ఉంది, పెళ్లి మాత్రం ఇంట్లో చూసిన చోటే చేసుకుంటోంది. అది ద్వంద్వ నీతి అని మీరు రాశారు. నాకు అలా అనిపించలేదు. రెండు కాలాల్లో ఒక్కో కాలు పెట్టి నిలబడిన పిల్ల ఆమె. మీరూ అంతే. మీ అమ్మగారికి ఈ పద్నాలుగు నెలల సంగతి ఒక్క ముక్క తెలియదని మీరే రాశారు.

ఇప్పుడు అసలు విషయం. అనుబంధం ఎలా పుడుతుంది?

మీరు రాసినదాంట్లోంచే జాబితా తీస్తాను. ప్రతి ఆదివారం పొద్దున భీమవరంలో రైలెక్కి తణుకు, నిడదవోలు మీదుగా రాజమండ్రి వెళ్లడం. రోజూ రాత్రి పదిన్నరకి ఫోన్. ఆమె పొద్దున్నే తిన్న టిఫిన్ ఫోటో పంపడం. ఆమెకి జ్వరం వస్తే మీరు సెలవు పెట్టి వెళ్లి రెండు రోజులు కూర్చోవడం. మీ నాన్నగారికి స్టెంట్ వేసిన రాత్రి ఆమె తెల్లవార్లూ లైన్‌లో ఉండటం. బాబూ, దీన్ని మీరు క్యాజువల్ అంటున్నారు. మా దగ్గరకి వచ్చే పెళ్లయిన జంటల్లో ఇందులో సగం కూడా ఉండదు. మీరిద్దరూ పక్క గురించి మాత్రమే షరతు రాసుకున్నారు. పదిన్నర ఫోన్ గురించి ఏ షరతూ రాసుకోలేదు. అతుక్కున్నది అక్కడ.

తెలుగులో దీనికి మంచి మాటలున్నాయి. పిల్లి ఇల్లు మరుగుతుంది. లేగదూడ మాలిమి అవుతుంది. మరగడం, మాలిమి, ఇవన్నీ రోజూ ఒకే వేళకి ఒకే చెయ్యి తగలడం వల్ల వచ్చేవి. ఆ చెయ్యి ఆగిపోతే వచ్చేదే బెంగ.

ఈ బెంగని ఇంగ్లండులో జాన్ బౌల్బీ అనే మానసిక వైద్యుడు, ఆయనతో పనిచేసిన జేమ్స్ రాబర్ట్‌సన్ చిన్నపిల్లల్లో గమనించారు. అప్పట్లో అక్కడి ఆసుపత్రులు తల్లుల్ని పిల్లల దగ్గర ఉండనిచ్చేవి కావు. పిల్లలు మొదట గోల చేసేవారు, తల్లి కోసం తలుపు వైపు చూసేవారు. తర్వాత నీరసించి ఊరుకునేవారు. ఆ తర్వాత తల్లి వచ్చినా పట్టనట్టు ఉండేవారు. నేను ఈ మూడూ పుస్తకంలో చదవక ముందే కోనసీమలో చూశాను. కువైట్ వెళ్లిన తల్లి రెండేళ్లకి సెలవు మీద వస్తే, మూడేళ్ల పిల్ల నాయనమ్మ కుచ్చిళ్లలో మొహం దాచుకుని "ఆంటీ ఎవరు" అన్న ఇళ్లు ఎన్నో. 1987లో హజాన్, షేవర్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు పెద్దవాళ్ల ప్రేమలో కూడా ఇదే యంత్రాంగం పనిచేస్తుందని వాదించారు. మీరు నెల రోజులుగా ఆమె లాస్ట్ సీన్ చూస్తున్నారే, అది తలుపు వైపు చూడటమే.

ఇక్కడ ఒక మాట. మీ చిన్నప్పుడు అమ్మగారు నాలుగేళ్లు మస్కట్‌లో ఉన్నారని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. దాన్ని పట్టుకుని "అందుకే మీరు ఇలా అయ్యారు" అని చెప్పేవాళ్లు ఇంటర్నెట్‌లో చాలామంది దొరుకుతారు. నేను చెప్పను. గల్ఫ్ తల్లుల పిల్లల్లో చక్కగా కాపురాలు చేసుకుంటున్నవాళ్లు నాకు డజన్ల కొద్దీ తెలుసు. తల్లి ఇంట్లోనే ఉండి పెంచినవాళ్లూ నా దగ్గరకి వస్తారు. ఒక్క వాక్యంతో మనిషి జాతకం చెప్పడం జ్యోతిష్యం, కౌన్సెలింగ్ కాదు.

బెంగ పట్టుకోవడానికి ఒళ్లు కలవడం కూడా అక్కర్లేదు. రాజోలు వైపు ఆవిడ ఒకరు ఆరేళ్లు కువైట్‌లో ఇంటిపని చేసి తిరిగొచ్చింది. భర్త మంచివాడే. అయితే శుక్రవారం వస్తే చాలు, తలనొప్పి, వాంతులు. స్కానింగులన్నీ అయ్యాయి. చివరికి నా దగ్గర బయటపడింది. శుక్రవారం ఆవిడకి అక్కడ సెలవు. పాలకొల్లు వైపు నుంచి వెళ్లిన ఒక డ్రైవరు ప్రతి శుక్రవారం ఫోన్ చేసేవాడు. ఆరేళ్లలో కలిసింది మూడుసార్లు, అదీ చర్చిలో పదిమందిలో. "ఏం మాట్లాడుకునేవారు" అంటే, "ఇక్కడ వానలు పడ్డాయా, కాలువలు వదిలారా, అంతేనండి" అంది. ఆ శుక్రవారం ఫోనే ఆవిడకి ఊరు. ఇంటికొచ్చాక ఊరు దొరికింది, ఫోన్ పోయింది.

మీ విషయంలో బెంగ ఇంత గట్టిగా ఉండటానికి ఇంకో కారణం ఉంది. ఆమె ఒక్కోసారి వారం రోజులు మాయమయ్యేదనీ, తర్వాత ఒక రాత్రి రెండు గంటలు మాట్లాడేదనీ రాశారు. భీమవరం మనిషికి పేకాట గురించి నేను చెప్పాలా? ప్రతి ఆటా ఓడేవాడు మానేస్తాడు. ప్రతి ఆటా గెలిచేవాడికి విసుగొస్తుంది. ఎప్పుడో ఒకసారి గెలిచేవాడే పొలం అమ్ముకునే దాకా కూర్చుంటాడు. స్కిన్నర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త పావురాల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది కూడా ఇదే. గింజ ఎప్పుడు పడుతుందో తెలియనప్పుడే పావురం ఆపకుండా పొడుస్తుంది. ఆమె ఇది కావాలని చేసిందని అనడం లేదు. మనసు కుదరనప్పుడు మనుషులు అలా దూరంగా జరిగి మళ్లీ దగ్గరకి వస్తుంటారు.

ఇంకొకటి, మీ ల్యాబ్ బుర్రకి నచ్చేది. హెలెన్ ఫిషర్, ఆమె సహచరులు ప్రేమలో తిరస్కారం పొందిన 15 మందికి, వాళ్లు పోగొట్టుకున్న మనిషి ఫోటో చూపిస్తూ మెదడు స్కాన్ తీశారు. 2010లో ప్రచురించారు. కొకైన్ కోసం తహతహలాడేటప్పుడు పనిచేసే మెదడు భాగాలు కొన్ని వాళ్లలోనూ వెలిగాయి. పదిహేను మంది అంటే చిన్న లెక్కే, దాని మీద మేడలు కట్టకూడదు. అయినా "నీకేం పోయింది" అన్న మీ రూమ్మేటుకి చూపించడానికి సరిపోతుంది.

మగాళ్ల సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి. నా మొదటి పదేళ్లలో ఈ బాధతో ఒక్క కుర్రాడు కూడా రాలేదు. బాధ లేక కాదు. గ్యాస్ ట్రబుల్ అని, గుండె దడ అని డాక్టర్ల దగ్గరకి వెళ్లేవారు, లేదా వైన్ షాపుకి వెళ్లేవారు. ఇప్పుడు వస్తున్నారు. వచ్చి, కుర్చీలో కూర్చుని, మొదటి పావుగంట స్నేహితుడి కథ చెబుతారు. "మా ఫ్రెండు ఒకడున్నాడు మేడం..." నేను ఆ స్నేహితుడి గురించే శ్రద్ధగా వింటాను. అమ్మాయి ఏడిస్తే కనీసం అమ్మ "ఏమైందే" అంటుంది. అబ్బాయి తిండి మానేస్తే "ఫోన్ ఎక్కువైంది" అంటారు. ఆడవాళ్లకే అనుబంధం, మగవాళ్లకి సరదా అన్న పాత లెక్క నా అనుభవంలో నిలబడలేదు. తేడా ఉన్నది పరువు నష్టంలో. బయటపడితే ఆడపిల్లకి పడే శిక్ష ఇప్పటికీ పదింతలు. బహుశా అందుకే ఆమె మీకన్నా ముందే మనసుకి తాళం వేసుకుని ఉంటుంది. లేదా ఆమె కూడా ఎక్కడో బాత్రూమ్‌లో కుళాయి తిప్పి ఏడుస్తూ ఉండొచ్చు. అది మనకి తెలియదు, తెలుసుకోవాల్సిన పని మీకిక లేదు.

"అయితే నాది ప్రేమ కాదా, ఉత్త అలవాటేనా" అని మీరు అడుగుతారు. ఆ రెంటినీ విడదీయడానికి నేను ఒక పిచ్చి ప్రశ్న అడుగుతుంటాను. రేపు పొద్దున ఆమె "పెళ్లి మానేశాను, వచ్చెయ్" అంటే, మీరు మీ నాన్నగారి ముందు నిలబడి ఆమె పేరు చెప్పగలరా? మీరు వెంటనే అవును అంటే అది ప్రేమే, దాన్ని పద్నాలుగు నెలల్లో ఒక్కసారీ చెప్పకపోవడం మీ తప్పు. ఆలోచనలో పడితే, మీకు కావాల్సింది ఆ పదిన్నర ఫోన్. ఇందులో ఏ జవాబూ సిగ్గుపడాల్సింది కాదు. నాకు చెప్పక్కర్లేదు కూడా.

ఇక ఏం చెయ్యాలి.

మొదటిది, కాలువ కట్టెయ్యండి. వేసవిలో నెలన్నర పాటు మన కాలువలు కట్టేస్తారు కదా, గుర్రపుడెక్క తీయడానికి, పూడిక తీయడానికి. నీళ్లు పారుతుండగా ఎవడూ పూడిక తీయలేడు. నేను నలభై ఒక్క రోజులు అడుగుతాను. ఆ అంకెకి శాస్త్రం ఏమీ లేదు, అయ్యప్ప మాల వేసుకునే మనవాళ్లకి అర్థమయ్యే లెక్క అని పెట్టుకున్నాను. ఫోన్ లేదు, మెసేజ్ లేదు, స్టేటస్ చూడటం లేదు, ఆమె స్నేహితురాలిని "ఎలా ఉంది" అని అడగడం లేదు. నంబర్ బ్లాక్ చేస్తే అవమానించినట్టు అవుతుందని మీ భయం. ఒక్క లైను పెట్టి చెయ్యండి: "కొన్నాళ్లు దూరంగా ఉంటాను, నీ మీద కోపం లేదు."

ఈ విషయంలో గట్టి మాట ఒకటి చెప్పాలి. ఆమె మాట్లాడనని చెప్పాక మీరు పదేపదే ఫోన్ చేసినా, ఆఫీసు బయట నిలబడినా, ఆన్‌లైన్‌లో ఆమెని వెంటాడినా అది భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికే మూడేళ్ల దాకా జైలు. "ఒక్కసారి చివరిగా మాట్లాడదామని వెళ్లాను మేడం" అన్న కుర్రాడిని పోలీస్ స్టేషన్ బెంచీ మీద చూశాను, ఉద్యోగం కూడా పోయింది. ఇద్దరి ఫోటోలు మీ ఫోన్‌లో ఉంటే ఈ రాత్రే తీసెయ్యండి. కోపం వచ్చిన రోజున అవి చేతిలో ఉండకూడదు.

రెండోది, ఆదివారం. మీకు అన్నిటికన్నా కష్టమైంది అదే. ఆ రైలు వేళకి మీరు వేరే పనిలో ఉండాలి, మంచం మీద ఉండకూడదు. ఏదైనా సరే. తణుకులో ఒకబ్బాయి ఆ వేళకి వాళ్ల తాతగారికి గడ్డం గీయడం మొదలుపెట్టాడు, నెల తిరిగేసరికి తాతగారికి అదొక హక్కయిపోయింది. రాత్రి పదిన్నరకి కూడా ఇలాంటిదే ఒకటి చూసుకోండి. వేరే అమ్మాయితో చాటింగ్ మాత్రం కాదు. యాప్‌లో అప్పటికప్పుడు ఎవరో ఒకరు దొరుకుతారు, అదే బెంగని ఇంకో పేరుతో మోయాల్సి వస్తుంది.

మూడోది, తెల్లవారుజాము. మూడింటికి మెలకువ వచ్చి చచ్చిపోవాలన్నంత దిగులు వస్తోందని రాశారు. చెరువులో డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, తెల్లవారేముందే పడిపోతుందని మీకు నాకన్నా బాగా తెలుసు. బెంగ పడ్డ మనిషికీ అదే గండం వేళ. ఆ వేళ వచ్చిన ఆలోచనల మీద ఏ నిర్ణయమూ తీసుకోవద్దు, ఏ మెసేజూ పంపొద్దు. లేచి దీపం వేసి, మొహం కడుక్కుని, నీళ్లు తాగండి. రైతులు చెరువు దగ్గర నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు వేస్తారే, అలాంటిది మీకూ ఒకటి కావాలి. ఆ వేళకి ఫోన్ ఎత్తే మనిషి ఒకరు. ఒక్కరికి చాలు, నవ్వనివాళ్లకి చెప్పండి. మీ ఉత్తరం చదివితే మీ అక్క ఆ మనిషి అనిపించింది నాకు. "చచ్చిపోవాలన్నంత" అన్నది మాటవరసకి రాసిందైతే సరే. నిజంగా ఆ ఆలోచన వస్తుంటే, ఎలా అన్నది కూడా తోస్తుంటే, ఇది చదవడం ఆపి ఇప్పుడే 14416కి ఫోన్ చెయ్యండి. ప్రభుత్వ టెలీమానస్, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. అక్కకి కూడా ఈ రాత్రే చెప్పండి. రెండు వారాలు దాటి నిద్ర, తిండి లేకపోతే సైకియాట్రిస్టుని కలవడం తప్పనిసరి. మీకు ఇప్పటికే నెలైంది. ఈ వారమే వెళ్లండి.

నాలుగోది, ఇప్పుడే పెళ్లికి ఒప్పుకోకండి. సంక్రాంతికి మీవాళ్లు సంబంధాలు చూస్తామంటున్నారట. ఆమె మీద కసితోనో, మర్చిపోతానన్న ఆశతోనో రెండు నెలల్లో తాళి కట్టిన ఒకతను, మూడో నెలలో భార్యని తీసుకుని నా దగ్గరకి వచ్చాడు. ఆ పిల్ల అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఈయన రాత్రి పదకొండుకి ఫోన్ పట్టుకుని డాబా ఎక్కుతారు, ఎవరితోనూ మాట్లాడరు, ఎందుకండి?" దానికి జవాబు ఆ అమ్మాయి చేసిన ఏ తప్పులోనూ లేదు. ఒక ఏడాది ఆగమని ఇంట్లో చెప్పండి. కారణం ఉద్యోగం అని చెప్పినా నాకు అభ్యంతరం లేదు.

మీరు అడగలేదు గానీ చదివేవాళ్లు అడుగుతారు, కాబట్టి ఒక మాట. ఇలాంటి సంబంధాలే తప్పు అని నేను అంటున్నానా? అనడం లేదు. కొందరికి కుదురుతాయి. కాకినాడలో ఒకామె, 34 ఏళ్లు, విడాకులయ్యాయి, ఒక స్నేహితుడున్నాడు. మూడేళ్లు సాగింది, అతను బదిలీ మీద వెళ్లిపోయాడు. ఆమె నా దగ్గరకి వచ్చి "నాకు పెద్దగా ఏమీ అనిపించలేదండి, నేను రాయినా?" అని అడిగింది. ఎలా ఉండేవారో చెప్పమన్నాను. నెలకోసారి కలవడం. మధ్యలో ఫోన్లు లేవు. పండగ రోజున కలవరు. ఒకరి ఇంటి కష్టం ఇంకొకరికి చెప్పుకోరు. జబ్బు చేస్తే ఆమె తన అన్నయ్యనే పిలుస్తుంది. తెలియకుండానే నాలుగువైపులా గట్టు పోసుకుంది ఆ మనిషి. అది అందరికీ చేతకాదు, చేతకాకపోవడం పాతకాలపు మనసూ కాదు. నాకైతే అలాంటి గట్టు పోయడం రాదు, ఈ వయసులో కూడా. మా వారు రెండు రోజులు ఊరెళ్తే ఇంట్లో గడియారం చప్పుడు పెరుగుతుంది.

నన్ను ఎవరైనా ముందుగా అడిగితే (ఎవరూ ముందుగా అడగరు) పక్క గురించి ఏం ఒప్పందం చేసుకున్నారని అడగను. జ్వరం వస్తే ఎవరిని పిలుస్తారు, రోజుకి ఎన్నిసార్లు మాట్లాడతారు, ఇద్దరిలో ఒకరికి మనసు మారితే ఎన్ని రోజుల్లో చెబుతారు అని అడుగుతాను. మీకు మనసు ఎప్పుడో ఆరో నెలలోనే మారిందని మీరే రాశారు. ఎనిమిది నెలలు దాచారు. ఆమె పెళ్లి కుదిరిన వారంలోనే చెప్పింది. ఎవరు నిజాయితీగా ఉన్నారో లెక్క చూస్తే, కొంచెం ఆమె వైపే మొగ్గుతుంది. ఇది మిమ్మల్ని పొడవడానికి అనడం లేదు. "వాడుకుంది" అన్న మాటని మీరు మీ దగ్గరే పెట్టుకుని తిరిగితే, రేపు వచ్చే మనిషి మీద కూడా అదే అనుమానం పెట్టుకుంటారని అంటున్నాను.

సరదాకి ఒక సంగతి. ‘కీప్’ అనే మాట వాడిన 2010 నాటి ఆ తీర్పులోనే, వారాంతాల్లో కలిసి గడిపినంత మాత్రాన గృహహింస చట్టం చెప్పే బంధం కిందకి రాదని కూడా ఉంది. కోర్టు లెక్కలో మీ ఆదివారాలకి విలువ లేదు. మీ పిక్కలకి, నిడదవోలు జంక్షన్‌లో టీ అమ్మే అతనికి మాత్రం అవి పద్నాలుగు నెలలు.

ఇక పెళ్లి. వెళ్లకండి. "వెళ్లకపోతే చిన్నతనంగా ఉంటుంది, వెళ్తే ధైర్యవంతుడిని అనిపించుకుంటాను" అని రాశారు. ఎవరు అనాలి? అక్కడ మీ ధైర్యం తెలిసిన మనిషి ఒక్కరే, ఆవిడ ఆ రోజు పీటల మీద ఉంటుంది, మిమ్మల్ని చూస్తే తలంబ్రాలు పోసే చెయ్యి వణకొచ్చు. పక్కన కూర్చున్న కుర్రాడికి ఏ పాపమూ తెలియదు. శుభలేఖకి "శుభాకాంక్షలు" అని ఒక్క మాట పెట్టండి, ఎమోజీ వద్దు, దాన్నే చివరి మెసేజ్ చేసుకోండి. ముహూర్తం ఆదివారమే అన్నారు కదా, ఆ రోజుకి ల్యాబ్‌లో డ్యూటీ అడిగి వేయించుకోండి. వనామీ రొయ్యల రైతుకి ఆదివారం సెలవు ఉండదు, నీళ్ల సీసాలు పట్టుకుని పొద్దున ఆరింటికే గుమ్మం ముందు ఉంటారు.